ఊక బస్తాల కింద పెదనాయిన

చేతిలో సివిల్ డిప్లొమా, జేబులో కొలతల టేపు పెట్టుకుని తిరిగిన ఆ వయసులో నాకు తెలియని సంగతంటూ భూమ్మీద ఉండేది కాదు. కోదాడలో ఓ బిల్డరు దగ్గర సైటు సూపర్‌వైజర్‌ని (అంటే గోడలకు నీళ్లు కొట్టించే పని, చుట్టాలందరికీ మాత్రం ఇంజినీరునే). అప్పుడే హైదరాబాదులో పర్యావరణానికి హాని చేయని ఇళ్ల మీద ఒకరోజు సెమినారుకు పోయి వచ్చాను. పొద్దున చెప్పింది శ్రద్ధగా విన్నాను. మధ్యాహ్నం భోజనంలో బగారా అన్నం పెట్టడం వల్ల తర్వాత చెప్పినదంతా నిద్రలో విన్నాను. ఆ సగం జ్ఞానంతోనే ప్రపంచాన్ని చల్లబరుద్దామని బయలుదేరాను.

ప్రపంచంలో నాకు మొదట దొరికినవాడు మిర్యాలగూడలో ఉండే మా పెదనాయిన. ముప్పై ఏళ్లు రైస్‌మిల్లులో పనిచేసి, ఛాతీ నిండా ఊక దుమ్ము నింపుకుని ఇంటికొచ్చినవాడు. నాలుగడుగులేస్తే ఆయాసం. ఉండేదేమో సిమెంటు రేకుల గది. మే నెలలో ఆ గదిలోకి వెళ్లిన కోడి గుడ్డు పెట్టదు, నేరుగా ఆమ్లెట్టే పెడుతుంది. "ఈ ఎండాకాలం గట్టెక్కాలంటే ఆయనకు వేడి తగలనీయొద్దు" అని దవాఖానాలో డాక్టరు పెద్దమ్మతో చెప్పాడట. ఆ మాట నాకు చెబుతూ ఆమె కొంగు కళ్లకు అద్దుకుంది. "నేనున్న గద పెద్దమ్మా!" అన్నాను, ఎండాకాలం నా కింద పనిచేసే కూలీ అయినట్టు.

రేకుల కింద అడ్డంగా కట్టెలు కట్టి, వాటిమీద ఊక నింపిన గోనె సంచులు పేర్చడం నా పథకం. మిర్యాలగూడలో ఊకకు కరువా? మిల్లుల వెనక ఎవరెస్టులంత కుప్పలు. రెండు రోజుల్లో పెదనాయిన నెత్తి మీద బస్తాల ఆకాశం కట్టేశాను. గోడకూ రేకులకూ నడుమ జానెడు సందుంటే, వేడిగాలి దూరుతుందని అక్కడ కూడా బస్తాలు కుక్కాను. (లోపలి వేడి బయటికి పోయేది ఆ సందులోంచేనని బగారా అన్నం తర్వాత చెప్పి ఉంటారు.)

మంచంలోంచి పెదనాయిన అంతా చూశాడు. "ముప్పై ఏండ్లు నేను దీన్ని మోసిన. ఇగ ఇప్పుడిది నా నెత్తినెక్కి కూసున్నదా?"

"ఇది సైన్సు, పెదనాయినా."

"అట్లనా? అయితే కానియ్యి."

ప్రతి ఆదివారం పొద్దున కోదాడలో బస్సెక్కి, నా అద్భుతాన్ని చూసుకోవడానికి వచ్చేవాణ్ని. "ఎట్లున్నది పెదనాయినా?" అంటే, "ఏం జెప్పాలెరా, కశ్మీరం లెక్కనే ఉన్నది" అనేవాడు. రెండో ఆదివారం ఏకంగా దుప్పటి అడిగాడు. "సలి పెడుతున్నదిరా. జర కప్పు." నడి మే నెలలో! గడ్డం దాకా కప్పాను. నుదుటి మీద చెమట పట్టింది, కానీ ఆనందంలో ఉన్న మనిషికి అలాంటి చిన్న విషయాలు కనిపించవు. సైటులో మేస్త్రీలందరికీ ఈ ఘనత చాటాను. చెప్పగా చెప్పగా, వారం తిరిగేసరికి నా కథలో పెదనాయిన స్వెట్టరు కూడా తొడుక్కున్నాడు.

ఓ బుధవారం సిమెంటు లారీ రాక పని ఆగిపోతే, చెప్పాపెట్టకుండా మిర్యాలగూడ వచ్చాను. మిట్టమధ్యాహ్నం. గదిలో మంచం లేదు. ఇంటి వెనక, గోడ నీడ మూరెడుంటే ఆ మూరెడు నీడలో మంచం వేసుకుని పడుకున్నాడు పెదనాయిన. పెద్దమ్మ తడిగుడ్డతో ఛాతీ తుడుస్తోంది. నన్ను చూడగానే, బడి ఎగ్గొట్టి దొరికిన పిల్లాడిలా లేచి కూర్చున్నాడు.

"ఇయ్యాల ఆదివారం కాదు గదరా!"

అంటూనే దిగి, మంచం కోడు పట్టుకుని గదిలోకి ఈడ్వబోయాడు. "లోపల మరీ సలైతున్నదని, గిప్పుడే జర బయటికి..." మాట పూర్తి కాలేదు. దగ్గు పట్టుకుంది. అది ఆగదు. పెదవులు నల్లబడ్డాయి.

పెద్దమ్మ ఆయన వీపు రాస్తూ, నా మొహం చూడకుండా అంది: "లోపల గాలాడుత లేదు కొడుకా. పైనుంచి ఊక పొడి రాలుతున్నది. 'పిలగానికి చెప్పు' అని నేనంటె చెప్పడు. 'వాని మొఖం సూసినవా, ఎంత సంబురపడుతున్నడో' అంటడు. నువ్వొస్తవని ఆదివారం పొద్దుగాల్నే పోయి లోపల పండుకుంటడు."

ఆ సాయంత్రమే బస్తాలన్నీ దించాను. కళ్లలో నీళ్లు ఊక పొడి వల్లనే అని ఇద్దరికీ చెప్పాను, ఇద్దరూ నమ్మినట్టే ఊరుకున్నారు. మర్నాడు పెద్దమ్మ రేకుల మీద తాటికమ్మలు పరిపించి, పూటపూటా నీళ్లు చల్లించింది. ఆమె ఏ సెమినారుకూ పోలేదు. ఆ తర్వాతి ఆదివారం నేను వెళ్లేసరికి పెదనాయిన దుప్పటి అడగలేదు, కశ్మీరం ఊసెత్తలేదు. నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఎండాకాలం గట్టెక్కాడు. వానాకాలం మాత్రం దాటలేదు.

ఇప్పుడు సూర్యాపేటలో నాకు సొంత ఆఫీసుంది. తక్కువ సిమెంటుతో, గాలి ఆడేలా ఇళ్లు కట్టిస్తాను. గృహప్రవేశం నాడు అందరూ నా చెయ్యి పట్టుకుని "మస్తు సల్లగున్నది సార్" అంటారు. నవ్వి ఊరుకుంటాను. ఏ మే నెలలోనో మిట్టమధ్యాహ్నం, ఫోన్ కూడా చెయ్యకుండా పోయి తలుపు కొడతాను. వాళ్లు కంగారుగా మజ్జిగ కలుపుతుంటే, చేతులు కడుక్కునే మిషతో ఇంటి వెనక్కి పోయి చూసొస్తాను. అక్కడ ఎవరూ లేరని తేలాకే కూర్చుంటాను. ఈ సారుకు కొంచెం తిక్క ఉందని ఊళ్లో చెప్పుకుంటారట. చెప్పుకోనీ.