అక్క కంప్యూటర్‌లో టరటర

మొన్న మా అమ్మాయి కొత్త కంప్యూటర్ తెచ్చి చూపించింది. అది ఆన్‌లో ఉందో లేదో కూడా నాకు తెలియలేదు. "చప్పుడే రాదేమే?" అని అడిగితే, "వస్తే పాడైనట్టమ్మా" అంది. ఆ మాటతో నా మనసు మోత్కూర్‌లో మా అక్క పెట్టిన కంప్యూటర్ సెంటర్‌కు వెళ్లిపోయింది.

తొంభైల చివర్లో అక్క హైదరాబాద్ నుంచి ఒక పాత కంప్యూటర్‌ను, చంటిపిల్లను తెచ్చినట్టు బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. మేం బాపు అని పిలిచే నాన్న దుకాణం పక్కగదిలో పెట్టి పెళ్లిపత్రికలు చేసేది. బాపుది బోరు మోటార్ల వైండింగ్ పని. నీళ్లు పైకి తెచ్చేదే ఆయన లెక్కలో యంత్రం. ఉన్నచోటనే ఉండి అక్షరాలు చూపించేది ఆటబొమ్మ. "దసరా దాంక సూస్త. సాగకుంటె మూసేసి ఇంటికాడ ఉండు" అన్నాడు. బాపు మాటంటే రాతి మీద గీతే. అక్క పైకి లెక్కచేయనట్టు తిరిగేది గానీ, అన్నం సగంలో వదిలి లేచేది. బాపు ఆ గదిలోకి తొంగి కూడా చూడలేదు.

దసరా మర్నాడు పొద్దున అక్క స్విచ్ వేయగానే డబ్బాలోంచి టరటరమని చప్పుడు. చిన్నప్పుడు సైకిల్ చక్రానికి అట్టముక్క కట్టుకుని తిరిగేవాళ్లం చూడండి, అదే చప్పుడు. అక్క ముఖం పాలిపోయింది. నేను మహా తెలిసినదానిలా "వైరస్" అన్నాను. కంప్యూటర్ గురించి నాకు తెలిసిన జబ్బు అదొక్కటే. పక్క షట్టర్‌లోని దర్జీ చాచా నూనె డబ్బాతో సహా పరుగెత్తుకొచ్చాడు. "జర నూనె ఇడువు బేటీ. నా మిషిన్ గూడ గిట్లనే మొత్తుకుంటది" అన్నాడు. అక్క కంప్యూటర్‌కు అడ్డంగా నిలబడింది.

గోడ అవతలి బాపుకు వినబడకుండా ఉంటుందా? స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చాడు. మోటార్లను చూసినట్టే దాని మొన డబ్బాకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఇక సెంటర్‌కు తాళం పడ్డట్టేనని నేను అక్క చెయ్యి పట్టుకున్నాను.

"బేరింగ్ మంచిగనే ఉంది. రెక్కకేదో తాకుతాంది. కరెంటు తియ్యి" అన్నాడు.

మూత విప్పితే, లోపలి చిన్న ఫ్యాన్‌లో నలిగిపోయిన జమ్మి రెమ్మ. దసరా సాయంత్రం మావైపు జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి దండం పెట్టుకుంటాం. బాపు ఇంకో అడుగు ముందుకేసి, దుకాణంలోని మోటార్లన్నిటికీ వెనక గాలి ఆడే జాలీలో తలా ఒక రెమ్మ గుచ్చుతాడు. సెంటర్ గది తాళంచెవి ఇంట్లో మేకుకే వేలాడుతుండేది.

అక్క ఆ రెమ్మను చేతిలోకి తీసుకుంది. "బాపూ, నువ్వే పెట్టినవా?"

బాపు స్క్రూలు బిగిస్తూ తలెత్తలేదు. "పండుగపూట అన్నిటికి పెట్టి, దీనికొక్కదానికి పెట్టకుంటె ఎట్ల?"

"మరి దసరా అయిపాయె గద" అంది అక్క మెల్లగా.

"అయితేంది? నడుపు. వచ్చే దసరాకు పైనే పెడ్త."

చాచా నూనె డబ్బాకు మూత పెట్టుకుంటూ నవ్వాడు. అక్క ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను.

ఆ కంప్యూటర్ ఏనాడో తుక్కులోకి పోయింది. బాపూ లేడు. ఇన్నేళ్లకు యంత్రాలు కూడా చప్పుడు చేయకుండా పనిచేయడం నేర్చుకున్నాయి. బాపుకు ఆ విద్య అప్పుడే వచ్చు.