'బాగుంది సార్' అనని రోజు

ఏసీ ఫిల్టర్ విప్పగానే తడిదుమ్ము వాసన గుప్పుమంటుంది. ఇవాళ రియాద్‌లో ఒక ఆఫీసులో ఆ వాసన తగలగానే నిషిగాకి గారు గుర్తొచ్చారు. జపాన్‌లో ముప్పై ఏళ్లకు పైగా వీడియో గేములు తయారు చేయించి, అరవై దాటాక ఇక్కడి స్టూడియోకు ప్రొడ్యూసర్‌గా వచ్చిన మనిషి. ఒకరోజు తన గదిలో ఏసీ బాగుచేస్తున్న నన్ను నిచ్చెన దించి, చేతిలో రిమోట్ లాంటిది పెట్టి, ఒక ఆట ఆడమన్నారు. పది నిమిషాలు ఆడాను. ఏమీ అర్థం కాలేదు. "వెరీ గుడ్ సార్" అన్నాను. పన్నెండేళ్లుగా గల్ఫ్‌లో నాకు కూడు పెట్టిన మాట అది.

ఆయన నవ్వలేదు. "నోరు గుడ్ అంది. ఆటలో వంతెన దగ్గర మీ బొటనవేలు మూడుసార్లు ఆగింది. ఎందుకు?" అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగారు. నాదీ అలాంటి ఇంగ్లీషే కనుక చక్కగా అర్థమైంది. ఎటు పోవాలో తెలియలేదన్నాను. వెంటనే రాసుకున్నారు. అప్పటినుంచి ఏసీ చెడినా చెడకపోయినా వారానికోసారి పిలిపించేవారు. ఆటలు తెలియనివాళ్ల చేతులు గమనించడం ఆయన పద్ధతి. వయసులో ఉండగా చేసిన పెద్ద ఆట ఒకటి, ఆఫీసంతా భేష్ అన్నాక, బజార్లో బోల్తా కొట్టిందట.

ఇక్కడ చేసిన ఆటను స్టూడియో యజమానులకు చూపించే ముందురోజు నాతో ఆడించారు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. గంటకే విసుగొచ్చింది. ఆయన కాంట్రాక్టు ఆ ఆట మీదే నిలిచి ఉందని అందరికీ తెలుసు. నమాజు విరామంలో నాతో పనిచేసే లచ్చన్నకు చెప్పాను.

"నీకెందుకు బై? మంచిగున్నదని చెప్పు, నిచ్చెన వట్టుకొని రా. మాట కఫీల్ దాంక వోతే నీ ఇఖామా ఎవడు చేపిస్తడు?" అన్నాడు.

అతనన్నది అబద్ధం కాదు. మాకు వీసా ఇచ్చిన యజమాని, అదే కఫీల్, సరేననకపోతే ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు రెన్యువల్ కాదు. అయినా వెళ్లి, నేల చూస్తూ, "బాగాలేదు సార్. విసుగొస్తోంది" అన్నాను. ఆయన లేచి, ఏసీ మెకానిక్‌నైన నాకు నడుము వంచి నమస్కరించారు. మర్నాడు యజమానులతో, ఈ ఆటకు ఇంకో ఏడాది కావాలని తానే చెప్పారు. వాళ్లు ఏడాది ఇచ్చారు, వేరే ప్రొడ్యూసర్‌కు.

ఆయన పెట్టె సర్దుకుంటుంటే వెళ్లి, "నా వల్లే కదా సార్" అన్నాను.

"అప్పట్లో బోల్తా కొట్టిన నా ఆట బాగాలేదన్న మాట, అది అమ్మకానికి వెళ్లిన మర్నాడు చెప్పారు ఆఫీసువాళ్లు. ముందురోజు చెప్పే మనిషి కోసం ఇన్నేళ్లు చూశాను" అన్నారు.

నాకు ఆటలు ఇప్పటికీ రావు. పైవాళ్లు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పడం మాత్రం వచ్చింది. దానివల్ల ఫోర్‌మన్ పోస్టు ఒకటి పోయింది, లచ్చన్న ఈనాటికీ తిడుతుంటాడు. తిట్టనీ. ఈ దేశంలో నా అభిప్రాయం అడిగి, జవాబు వచ్చేదాకా ఆగిన మొదటి మనిషి ఆయన.