పిన్ని సోలార్ పెట్టె

పోయిన నెల బిలాస్‌పూర్ శివార్లలోని తిఫ్రాలో బాబాయి కట్టించుకున్న ఇంటికి వెళ్తే, కాళ్ళు కడుక్కోనివ్వకుండానే మేడ మీదికి లాక్కెళ్ళాడు. మోకాళ్ళ నొప్పులని ఫోన్లో రోజూ మూలిగే మనిషి ఆ మెట్లు మాత్రం పెళ్ళికొడుకులా ఎక్కాడు. పైన వరసగా నల్లటి సోలార్ పలకలు. "రేపు రైళ్ళు కూడా హైడ్రోజన్ మీదే నడుస్తాయట. పొగ లేదు, ఒట్టి నీటావిరే. ఇలాంటివాటిలో మనం ముందుండాలమ్మా," అన్నాడు. "పిన్ని వంట పెట్టె గుర్తుందా బాబాయ్?" అన్నాను. "ఏ పెట్టి?" అన్నాడు. నటించడం లేదు, నిజంగానే మర్చిపోయాడు. నేను మర్చిపోలేదు కనక చెబుతున్నాను.

ఎనభైలలో బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మేమూ, బాబాయి వాళ్ళూ, నాయనమ్మా ఒకే క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. నాన్న రైల్వే ఆఫీసులో గుమస్తా, బాబాయి గూడ్సు గార్డు. అమ్మ బడిలో టీచరు కావడంతో వంటంతా పిన్ని మీదే పడింది. ఆ ఊళ్ళో దేనికి కరువున్నా రాక్షసి బొగ్గుకి లేదు. అందరి పెరళ్ళలోనూ సిగడీలే, అంటే బొగ్గుల కుంపట్లు. పొద్దున్నే కాలనీ అంతా పొగలో మునిగిపోతే పక్కింటివాళ్ళని దగ్గుని బట్టి పోల్చుకునేవాళ్ళం. అన్నిటికన్నా పొడుగు దగ్గు పిన్నిది. కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళు కారుతుంటే విసనకర్ర ఊపుతూ కూర్చునేది.

ఒక చలికాలం పిన్ని తమ్ముడు ఆవిడకో సోలార్ కుక్కర్ తెచ్చిచ్చాడు. రేకు పెట్టె, దానికి గాజు మూత, ఎండని లోపలికి కొట్టే అద్దం, నల్లరంగు వేసిన గిన్నెలు. వేపుళ్ళు కుదిరేవి కావు గానీ పప్పూ అన్నం మధ్యాహ్నానికి మెత్తగా ఉడికేవి. ఎండ జరిగినకొద్దీ పిన్ని ఆ పెట్టెని పసిపిల్లని పక్క మార్చినట్టు నెమ్మదిగా తిప్పేది. మధ్యలో వరండాలో కూర్చుని వారపత్రిక చదువుకునేది. దగ్గు తగ్గింది. "నిప్పు తగలని కూడేటి? పొయ్యి ఎలగని కొంప కొంపేనా?" అనేది నాయనమ్మ, ఆ పప్పే మళ్ళీ వడ్డించుకుంటూ. అసలు కోపం పప్పు మీద కాదు. కోడలు పట్టపగలు పుస్తకం పట్టుకుని కూర్చోవడం మీద.

వానలు మొదలైన రోజుల్లో ఒక ఆదివారం, కాసిన ఎండని నమ్మి పిన్ని పెట్టెలో బియ్యం పెట్టింది. అంతలో మబ్బు పట్టింది. రాత్రంతా డ్యూటీ చేసిన బాబాయి తోటి గార్డుని భోజనానికి వెంటబెట్టుకొచ్చాడు.

"అన్నమేదీ?"

"మబ్బేసిందండీ. సిగడీ ముట్టిస్తన్నాను, చిటికలో అయిపోద్ది."

తోటి గార్డు నవ్వాడు. "అచ్ఛా! మబ్బేస్తే మీ ఇంట్లో ఉపాసమేటి?"

బాబాయి పెరట్లోకి వెళ్ళి పెట్టెని రెండు చేతులా ఎత్తి అది పెట్టిన గట్టు మీంచి కిందికి విసిరేశాడు. అద్దం, గాజు రెండూ పగిలాయి. సగం ఉడికిన మెతుకులు బురదలో పడ్డాయి. నాన్న పేపరు వెనక నుంచి తల ఎత్తలేదు. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. "పీడా పోయింది," అంది నాయనమ్మ. పిన్ని సిగడీ ముట్టించింది, వండింది, ఇద్దరికీ వడ్డించింది. గాజుముక్కలు ఆ తర్వాతే ఏరింది.

మర్నాడు గోల్ బజార్ వెళ్ళి కొత్త గాజు వేయించుకొస్తానని అడిగింది. "నా ఇంట్లో నిప్పే ఎలగాల," అన్నాడు బాబాయి. ఆ పెట్టెలో బొగ్గులు పోసుకున్నారు. ఒకసారి బొగ్గులు తీస్తూ పిన్ని నాతో అంది: "పెట్టి ఇరిగిపోనాదని కాదే నా బాధ. ఇంత ఎండ రోజూ ఊరికే పోతంది, సూడు."

తొంభైలలో దగ్గు ముదిరింది. పొగ తగలనివ్వొద్దన్నాడు డాక్టరు. అప్పటికే ఇంట్లోకి గ్యాస్ వచ్చింది గానీ, సిలిండర్ ఊరికే అయిపోతుందని నాయనమ్మ దాన్ని చుట్టాల టీకి మాత్రమే ముట్టనిచ్చేది. పిన్ని నలభై దాటకుండానే పోయింది.

దినాలయ్యాక సిగడీ ముందు నాయనమ్మ కూర్చుంది. రెండు పూటలు దగ్గి, "నాకీ పొగ పడదర్రా," అంది. ఆ సాయంత్రానికల్లా బాబాయి రెండో సిలిండర్ తెచ్చిపెట్టాడు. కాలం మారిందని అందరూ ఎంతో తేలిగ్గా అంటారు. ఎవరు పోయాక మారిందో మాత్రం ఎవరూ చెప్పరు.