మాలన్ ఇంటి తడి పక్క

ఉత్తరాన చలిసముద్రం నడుమ మా సాండోయ్ దీవిలో పసిపిల్లల పక్కలు తెల్లారేసరికి పొడిగా ఉంటాయంటే ఆ పుణ్యం మాలన్‌ది. కాదనే తల్లి ఎవరైనా ఉంటే నా ముందుకు రమ్మనండి. పొత్తిగుడ్డ ఎంత మందంగా మడిచి కట్టినా రాత్రి ఏదో ఒక జామున కారక మానదు. దానిమీద రబ్బరు లాగు తొడిగితే కారదు గానీ పిల్ల తొడలు ఉడికిపోతాయి. మాలన్ అల్లే ఉన్నిలాగు అలా కాదు. లోపల గుడ్డ నానిపోయినా బయటికి చుక్క రాదు, గాలి ఆడుతుంది, పిల్ల వెచ్చగా పడుకుంటుంది. కడుపు పండిందని తెలియగానే మా ఆడవాళ్ళు ముందు మొగుడికి చెబుతారు, తరవాత మాలన్‌కి చెబుతారు. మాలన్‌కే ముందు చెప్పినవాళ్ళు కూడా ఉన్నారని విన్నాను.

కిటుకంతా కొవ్వులో ఉంది. గొర్రెబొచ్చును వేణ్ణీళ్ళలో వేస్తే పసుప్పచ్చటి జిడ్డు పైకి తేలుతుంది. మాలన్ దాన్ని మీగడ తీసినట్టు తీసి డబ్బాలో దాస్తుంది. లాగు అల్లడం అయ్యాక ఆ జిడ్డులో కాస్త సబ్బు తురిమి, వేడినీళ్ళలో కరిగించి, లాగును అందులో రాత్రంతా నానబెట్టి ఆరేస్తుంది. అలా కొవ్వు పట్టిన ఉన్నిమీద నీళ్ళు పోస్తే దొర్లిపోతాయే తప్ప ఇంకవు. "బట్టలసోడాతో మాత్రం ఉతక్కే తల్లీ, కొవ్వంతా పోయి జల్లెడైపోతుంది" అని లాగు చేతిలో పెట్టేటప్పుడు ప్రతి తల్లికీ చెబుతుంది.

మరి ఇంత నేర్పరి ఇంట్లో ఆమె సొంత మనవడు రోయీ మాత్రం ప్రతి రాత్రీ వీపుదాకా తడిసి, ఇల్లెగిరిపోయేలా ఏడ్చేవాడు. పొద్దున్నే తీగమీద చిన్న దుప్పట్లు, చిన్న చొక్కాలు, పొత్తిగుడ్డలు గాలికి కొట్టుకుంటూ కనిపించేవి. చూసినవాళ్ళు ఊరుకుంటారా? పక్కింటి మారిన్ అసలే ఊరుకునే మనిషి కాదు.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నువ్వేంటే మాలన్, రచ్చంతా గెలిచి ఇంట్లో ఈత కొడుతున్నావ్?" అంది ఒకరోజు రాతిగోడ మీదనుంచి తొంగిచూసి.

"పోవే, నీకేం పని లేదా?"

"నీ కొడుకు హైనీ కూడా చిన్నప్పుడు ఇంతేగా! మీ ఇంట్లో మగాళ్ళు సముద్రాన్ని కడుపులో పెట్టుకునే పుడతారు కాబోలు." తన హాస్యానికి తనే పడీపడీ నవ్వి, గొంతు తగ్గించింది. "అయినా నీ తప్పేముందిలే. కోడలు పట్నం పిల్లాయె. గుడ్డ కట్టడం ఎవరు నేర్పారు దానికి?"

మాలన్ తడి దుప్పటి దులిపి తీగమీద వేసింది.

కోడలు దురీతాది తోర్‌షావ్న్ పట్నం. హైనీ గ్రీన్‌లాండ్ నీళ్ళకి చేపలవేటకి పోయాడు, వేసవి చివరికి గాని రాడు. ఆ పిల్ల చెయ్యని ప్రయత్నం లేదు పాపం. రెండు గుడ్డలు కట్టింది, మూడు కట్టింది. పడుకునే ముందు పాలు తగ్గించి చూసింది, వాడు ఆకలికి ఏడిస్తే మళ్ళీ తనూ ఏడ్చి పట్టించింది. పండగకి కొనుక్కున్న ఫ్లానెల్ గుడ్డ చించి అడుగున వేసింది. ఏం చేసినా ఏ రెండింటికో వాడు కెవ్వుమనేవాడు. వెంటనే మేడమీదనుంచి మెట్లు దిగుతూ మాలన్ వచ్చేసేది. "నేను చూస్తాలే, నువ్వు పడుకో" అని వాణ్ణి తీసుకునేది. అర్ధరాత్రి నిద్ర పాడైన ముసలమ్మ మొహం అంత వెలిగిపోవడమేమిటో దురీతాకి అర్థమయ్యేది కాదు.

దాచిపెట్టి కథ నడపడం నాకు చేతకాదు, ఉన్నమాట చెప్పేస్తాను. రోయీ లాగుల్ని మాలన్ ఎవరినీ ఉతకనిచ్చేది కాదు. "ఉన్ని సంగతి నీకు తెలీదు" అని కోడలి చేతిలోంచి లాక్కుని, పెరట్లో గొర్రెమాంసం ఎండేసే కొట్టు వెనక్కి తీసుకుపోయి, బట్టలసోడా వేసి పులిమి పులిమి ఉతికేది. కొవ్వు తెట్టులా తేలిపోయేదాకా వదిలేది కాదు. హైనీ పసివాడుగా ఉన్నప్పుడూ అదే పని చేసింది. వాడు తడవాలి, తడిసి లేవాలి, లేచి ఏడవాలి. ఆ ఏడుపు చెవిన పడితే గాని మాలన్‌కి ఊపిరి ఆడేది కాదు.

ఎందుకంటే హైనీకి ముందు ఎల్స్పా పుట్టింది. ఎల్స్పా ఒక రాత్రి పొడిగా పడుకుంది, మళ్ళీ లేవలేదు. ఒక్కోసారి పసిపిల్లలు అలా పోతారమ్మా, ఎవరి తప్పూ లేదన్నాడు డాక్టరు. ఊరివాళ్ళు ఆ పేరు ఎత్తడం మానేశారు, మాలన్ మంచికే అనుకున్నారు. ఊరి పిల్లలకి లాగులు అల్లేటప్పుడు ఆమెకి ఏ భయమూ లేదు. ఎల్స్పాని తీసుకుపోయిందేదో, పరాయి పిల్లల్ని అది ముట్టుకోదు. అది ఈ ఇంటిది. ఈ ఇంట్లో చప్పుడు లేని రాత్రి కోసం మూలన కూర్చుని కాచుకుంటుందని మాలన్ నమ్మకం. అదంటే ఏమిటని అడిగితే చెప్పలేదు. కానీ మెట్లమీద రాత్రుళ్ళు ఆగి, దాని అలికిడి కోసం విన్న రోజులున్నాయి.

వాన వదలకుండా పట్టిన వారంలో రోయీ తొడలు ఎర్రబడ్డాయి, ఆ ఎరుపు పుండైంది. దీవులన్నీ తిరిగే నర్సమ్మ వచ్చి చూసి దురీతాని వాయించేసింది.

"తడిలో ఇంతసేపు ఉంచుతారా పిల్లాణ్ణి? నిద్ర అంత ముఖ్యమా నీకు?"

"నేను నిద్రపోయి ఎన్నాళ్ళయిందో మీకేం తెలుసండీ!" అని దురీతా భోరున ఏడ్చింది.

"మీ అత్తగారిని అడిగి నేర్చుకో. ఈ దీవిలో ఆవిణ్ణి మించినవాళ్ళు ఎవరున్నారు?"

అత్తగారు పొయ్యి పక్కన కూర్చుని తేలుకుట్టిన దొంగలా అల్లుకుంటోంది. కుట్లు తప్పిపోతున్నాయి, తలెత్తలేదు. అమ్మా మాలన్, ఆ ఒక్క పూటైనా నువ్వు నోరు విప్పి ఉండాల్సింది!

నర్సమ్మ పోయాక దురీతా కళ్ళు తుడుచుకుంది. "శనివారం పడవకి మా అమ్మ దగ్గరికి పోతానత్తయ్యా. వీణ్ణి తీసుకునే పోతా. ఇక్కడ నా వల్ల కాదు."

మాలన్ అల్లిక పక్కన పడేసింది. పట్నంలో ఎవరో ఏదో తొడుగుతారు, వాడు పొడిగా పడుకుంటాడు. మధ్యరాత్రి వాణ్ణి లేపేదెవరు? ఇక్కడే ఉంచుకుంటే పుండు మానదు, పంపిస్తే ప్రాణమే దక్కదు. ఆ మధ్యాహ్నం మార్చిన గుడ్డమీద నెత్తుటి చారిక కనిపిస్తే, దాన్ని మొహానికి అదుముకుని కొట్టు వెనక చాలాసేపు కూర్చుంది. లేచి కొవ్వు డబ్బా తీసింది. నీళ్ళు కాచి కరిగించింది. లాగును అందులో ముంచబోయి, చెయ్యి ఆడక, గిన్నెడు నీళ్ళూ గడ్డిలో పారబోసింది.

అదే సాయంత్రం దురీతా సిగ్గు చంపుకుని మారిన్ గుమ్మం తొక్కింది. మారిన్ నోరు చెడ్డదే గాని మనసు కాదు. పెట్టె వెతికి, మనవరాలికి పొట్టిదైపోయిన లాగొకటి తీసిచ్చింది.

"మీ అత్త చేతిదే. ముగ్గురు పిల్లలకి వాడాం, ఒక్క రాత్రి కారలేదు. చూడు" అని కాఫీ చెంచాతో దానిమీద నీళ్ళు పోసింది. చుక్కలు దొర్లి నేలమీద పడ్డాయి.

ఇంటికొచ్చి దురీతా తీగమీద ఆరుతున్న రోయీ లాగుమీద నీళ్ళు పోసింది. పోసినవి పోసినట్టే ఇంకిపోయాయి. లాగును ముక్కు దగ్గర పెట్టుకుంటే గొర్రె వాసన లేదు, సోడా వాసన గుప్పుమంది. లాగును మళ్ళీ తీగమీదే వేసి లోపలికి పోయింది.  రాత్రికి మారిన్ ఇచ్చిన లాగే తొడిగి పిల్లాణ్ణి ఉయ్యాల తొట్టిలో పడుకోబెట్టింది.

మా జూన్ రాత్రుళ్ళకి చీకటి ఉండదు. మేడమీద మాలన్ మంచంమీద కూర్చుని ఏడుపు కోసం కాచుకుంది. రోజూ వచ్చే వేళ దాటింది. గొర్రెలు అరిచాయి, ఊరుకున్నాయి. కింద చప్పుడు లేదు. వట్టి కాళ్ళతో మెట్లు దిగింది. తొట్టిలో పిల్లాడు కదలడం లేదు. దుప్పటి కింద చెయ్యి పెట్టింది. పొడిగా ఉంది. ఆ పొడిని ఆమె చెయ్యి మరిచిపోలేదు. కెవ్వున అరిచి వాణ్ణి ఎత్తి కుదిపేసింది. హడిలిపోయి రోయీ కూడా కెవ్వుమన్నాడు.

"బతికే ఉన్నాడు, వదలండి వాణ్ణి!" దురీతా మంచంమీదనుంచి దూకి పిల్లాణ్ణి లాక్కుంది. ఆమె పడుకోనేలేదు. "మీరు దిగి వస్తారని తెలుసు. చూద్దామనే కూర్చున్నా. వాడి లాగుల్లో కొవ్వు తీసేసింది మీరే కదూ?"

"నేనేనే."

"ఊరంతా నన్ను తిట్టింది. నర్సమ్మ తిట్టింది. వీడి ఒళ్ళు పచ్చిపుండైతే మీరు చూస్తూ కూర్చున్నారు. నేనేం పాపం చేశానత్తయ్యా మీకు?"

మాలన్ నేలమీద కూలబడింది. "నువ్వేం చెయ్యలేదే అమ్మా. ఎల్స్పా అని నాకో కూతురుండేది." దురీతా ఆ పేరు వినడం అదే మొదలు. హైనీ కూడా ఎన్నడూ చెప్పలేదు.

"ఆ రాత్రి దానికి తొడిగింది నేను మొదటిసారి కొవ్వు పట్టించిన లాగు. తెల్లారేదాకా లేవదు చూడండని ఆడవాళ్ళందరి ముందూ గొప్పలు పోయా. పొద్దున లేచి దుప్పటి కింద చెయ్యి పెట్టి చూస్తే పొడిగా ఉంది. ఎంత సంబరపడ్డానో! మా ఆయనతో, చప్పుడు చెయ్యకు, పిల్ల హాయిగా పడుకుందన్నా. పొయ్యి రాజేశా. కాఫీ పెట్టుకుని ఇద్దరం తాగాం. రెండో గ్లాసు కూడా తాగానే. నవ్వుతూ తాగా. దాని ఒళ్ళు అప్పటికే చల్లారిపోయింది, నేను దుప్పటి తడిమానే గాని దాన్ని తడమలేదు."

దురీతా పిల్లాణ్ణి భుజాన వేసుకుంది. కోపం ఎక్కడికీ పోలేదు. "రేపట్నుంచి లాగులు నేను ఉతుకుతా. కొవ్వు ఎలా పట్టాలో చూపించండి. రాత్రుళ్ళు మీరు కిందికి రాకండి" అంది. మాలన్ సరేనని తలాడించింది.

శనివారం పడవ వెళ్ళిపోయింది, దురీతా ఎక్కలేదు. ఎందుకే అంటే గాలి బాలేదంది. గాలి బాగానే ఉంది. మాలన్ గోడ దగ్గరికి వెళ్ళి, "నా కోడలి తప్పేం లేదు మారిన్, ఆ లాగులు పాడుచేసింది నేను" అని ఎల్స్పా పేరుతో సహా చెప్పేసింది. 

రోయీ పుండు మానింది. తొడలమీద కొత్త చర్మం వచ్చింది. తీగమీద దుప్పట్లు తగ్గాయి. విచిత్రమేమిటంటే మాలన్‌కి నిద్ర పట్టడం మొదలైంది. ఎన్నో ఏళ్ళుగా లోపల కుక్కుకున్నదాన్ని బయటికి చెప్పేసరికి ఒళ్ళు తేలికైంది కాబోలు, పడుకుంటే మొద్దులా పడుకునేది. మూలన కాచుకునేది ఏదీ ఆమెకి వినపడలేదు.

ఒక రాత్రి రోయీ ఏడుపుకి మెలకువ వచ్చింది. మాటిచ్చింది కనక దిగలేదు. పాలకేమోలే అనుకుంది. మరుసటి రాత్రి అదే వేళకి మళ్ళీ ఏడ్చాడు, ఆ మరుసటి రాత్రీ ఏడ్చాడు. లాగులో కొవ్వు చాలలేదేమో, ఈ పిల్లకి సబ్బూ కొవ్వూ కలిపే పాళ్ళు తెలియలేదేమో అని ఉండబట్టలేక మెట్లు దిగింది.

దురీతా తొట్టి పక్కన నేలమీద కూర్చుని ఉంది. జుట్టు ముడి ఊడిపోయి, కళ్ళ కింద నల్లగా ఉంది. ఒళ్ళో రోయీ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. మాలన్ వంగి లాగు బయట తడిమింది, లోపల వేలు పెట్టి చూసింది, పక్క చూసింది. అంతా పొడిగా ఉంది.

"చక్కగా పట్టావే కొవ్వు. చుక్క కారలేదు. మరెందుకేడుస్తున్నాడు?"

"నేనే లేపా."

"ఆకలేస్తోందనా?"

"కాదత్తయ్యా. బాగా పడుకున్నాడు." దురీతా పిల్లాడి ఏడుపు ఆపడానికి ఊపనైనా ఊపలేదు, చెవి ఒగ్గి వింటోంది. "చప్పుడు లేదు. అందుకని లేపా."

"ఇలా ఎన్నాళ్ళనుంచే?"

"మీరు ఎల్స్పా సంగతి చెప్పిన రాత్రినుంచి."