ఎడ్విన్ మాస్టారికి ఇంగ్లీషు వచ్చిన సంవత్సరం

చందర్లపాడు నుంచి జగ్గయ్యపేట దాకా మా వాళ్లలో ఎవర్ని అడిగినా ఒకటే మాట చెప్తారు, ఇంగ్లీషంటే ఎడ్విన్ మాస్టారిదే అని. ఆ మాట చెప్పేవాళ్లలో నూటికి తొంభైమందికి ఇంగ్లీషు రాదు. ఒక మనిషి పేరు నిలబడ్డానికి అంతకంటే గట్టి పునాది ఉండదు.

ఆయనా నేనూ నందిగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పద్దెనిమిదేళ్లుగా పక్కపక్కనే కూర్చుంటున్నాం. ఆయన ఇంగ్లీషు, నేను తెలుగు. స్టాఫ్ రూములో ఆయన కుర్చీకి దిండు ఉంటుంది, నా కుర్చీకి ఉండదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

అలాగని పాఠాలు చెప్పి పేరు తెచ్చుకున్నవాడు కాదు. గైడులో ఉన్నది బోర్డు మీదికి, బోర్డు మీద ఉన్నది పిల్లల పుస్తకాల్లోకి, అంతే ఆయన పాఠం. పేరంతా ఉజ్జీవ కూటాల్లో, అంటే మా చర్చి సంఘం సువార్త సభల్లో, వచ్చింది. ఏటా ఫిబ్రవరిలో, పత్తి తీతలు అయ్యాక, చందర్లపాడులో మూడు సాయంత్రాలు కూటాలు పెడతారు. ఎక్కణ్ణుంచో ఒక దొర వస్తాడు. దొర ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పి ఆగుతాడు, ఆయన కుడిపక్కన నిలబడ్డ మనిషి దాన్ని తెలుగులో చెప్తాడు. ఇరవై రెండేళ్లుగా ఆ కుడిపక్క మనిషి మా ఎడ్విన్.

దొర మూడు ముక్కలు చెప్తే ఈయన ముప్పై చెప్పేవాడు. దొర ఒక చెయ్యెత్తితే ఈయన రెండూ ఎత్తేవాడు. ముందు వరసలో చాప వేసుకుని కూర్చునే మా లూర్దమ్మత్త, "దొర ఉత్తినే నిలబడ్డా చాలయ్యా, మన ఎడ్విన్ చెప్పుకుపోతాడు," అనేది. మెచ్చుకోలుగా అన్న ఆ మాట అక్షరాలా నిజమని ఆమెకి తెలియదు. ఎడ్విన్‌కీ తెలియదు, అదీ విశేషం.

ఆయన తరచు చెప్పుకునే ముచ్చట ఒకటుంది. రెండువేల పన్నెండులో ఒక ముసలి దొర వచ్చాడు. ఆ రోజు ఎడ్విన్ తెలుగుకి రెండువేల మంది కంటతడి పెట్టారు. అది చూసి దొర కూడా ఎడ్విన్ చెయ్యి పట్టుకుని స్టేజీ మీదే ఏడ్చేశాడు. "తెలుగు రాని మనిషిని తెలుగుతో ఏడిపించాం ఫ్రాన్సిస్ గారూ," అనేవాడు. తెలుగు మాస్టార్ని నేను, ఏడ్చినవాళ్లెవరూ లేరు నా పాఠాలకి. మింగలేక కక్కలేక వినేవాణ్ణి.

ఇలా హాయిగా సాగుతుంటే మా సెక్రటరీ సతీష్‌బాబుకి ఒక ఆలోచన వచ్చింది. ఆయనకి రెండు రైసు మిల్లులు, ఒక కల్యాణ మంటపం, ఒక కాలేజీ ఉన్నాయి. అన్నింటినీ ఒకేలా నడుపుతాడు. పోటీ కాలేజీ వాళ్లు ఏసీ బస్సు కొన్నారు. బస్సు కంటే మాస్టర్లని బాగుచెయ్యడం చవకని ఎవరో చెప్పారు. 'మా ఇంగ్లీషు అధ్యాపకులు అంతర్జాతీయ పరీక్ష నెగ్గినవారు' అని సెంటర్లో ఫ్లెక్సీ కట్టాలి. విజయవాడలో కంప్యూటరు ముందు కూర్చుని రాసే పరీక్ష, వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం. వందకి అరవై రావాలి. రానివాళ్లు హాస్టలు వార్డెనుగా వెళ్లాలి, పొద్దున్నే పిల్లల్ని లేపాలి, సాంబారు రుచి చూడాలి.

తెలుగు మాస్టారికి తెలుగు వచ్చో రాదో పరీక్ష పెట్టాలని ఇంతవరకు ఏ సెక్రటరీకీ తోచలేదు. ఆ సంగతి ఎవరూ గుర్తుచెయ్యకుండా ఉంటే చాలు.

సర్క్యులరు ఇంగ్లీషులో వచ్చింది కాబట్టి అటెండరు దాన్ని ఎడ్విన్ దగ్గరికే తెచ్చాడు, చదివి చెప్పమని. చదివి ఆయన దిండు మీద కూలబడ్డాడు. "పిల్లల్ని లేపడానికి నాకు నామోషీ లేదండీ," అన్నాడు సాయంత్రం బస్సులో. "మా ఆవిడ సూసన్‌ది గవర్నమెంటు ఉద్యోగం, ఇంట్లో గడిచిపోద్ది. కానీ రేపు కూటాల్లో స్టేజీ ఎక్కితే, ఇంగ్లీషు తప్పినాయన వచ్చాడ్రా అంటారే. ఆ మాట వినలేను."

జగ్గయ్యపేటలో ఒక ఎరువుల కొట్టు మేడ మీద ఇలాంటి పరీక్షలకి తర్ఫీదు ఇస్తున్న అమ్మాయి అక్షయ, మా పాత విద్యార్థినే. ఒంటరిగా వెళ్లడానికి సిగ్గుపడి ఆయన నన్ను తోడు తీసుకెళ్లాడు. చిల్లకల్లు దగ్గర బస్సు దిగి ఆటో ఎక్కేవాళ్లం. మొదటిరోజు కూర్చోగానే ఆశగా అడిగాడు, "నీ ఇంగ్లీషంతా మన కాలేజీదేగా అమ్మా?" అని.

"గట్టిగా మాట్లాడడం మీ దగ్గర నేర్చుకున్నా సార్," అంది అక్షయ. "ఇంగ్లీషు ఫోన్లో నేర్చుకున్నా."

వినడంతో మొదలైంది. చెవులకి హెడ్‌ఫోన్లు, ఎదురుగా నలభై ప్రశ్నలు. ఎవరో ఆవిడ లైబ్రరీ నియమాలు చదువుతోంది. ఒక వాక్యం చెప్పి ఆగింది. ఎడ్విన్ లేచి నిలబడ్డాడు. కుడిచెయ్యి పైకి లేచింది. "గ్రంథాలయము సాయంకాలము ఆరు గంటలకు మూయబడును, ప్రియులారా!"

వెనక వరసలో జాయిస్ అని నర్సు కోర్సు చేసిన పిల్ల, మా సంఘం పిల్లే, అలవాటు కొద్దీ "ఆమేన్" అంది. మిగతావాళ్లు హెడ్‌ఫోన్లు తీసి చూస్తున్నారు. అక్షయ తల వంచుకుని చాలాసేపు ఎత్తలేదు.

"మధ్యలో మాట్లాడకూడదు సార్."

"ఆగింది కదమ్మా ఆవిడ."

"ఊపిరి తీసుకోడానికి ఆగింది సార్. మీకోసం కాదు."

నలభైకి నాలుగొచ్చాయి. ఈయన తెలుగు చెప్పేలోపు మూడేసి ప్రశ్నలు దాటిపోతున్నాయి. ఇక మాట్లాడడం ఇంకో వింత. మీ ఊళ్లో మీకిష్టమైన చోటు గురించి రెండు నిమిషాలు చెప్పమంది కంప్యూటరు. ఎడ్విన్ గొంతు సవరించుకుని ఎడమపక్కకి చూశాడు. అక్కడ గోడ ఉంది. మళ్లీ చూశాడు. రెండు నిమిషాలూ అయిపోయాయి. "ఎవరో ఒకరు మొదలుపెట్టకుండా నేనేం చెప్పను?" అన్నాడు, నిజంగానే అర్థంకాక. ఇరవై రెండేళ్లుగా ఎడమపక్క నుంచి ఎవరో అందిస్తే అందుకోవడమే తప్ప, సొంతంగా ఒక్క మాట మొదలుపెట్టినవాడు కాదు.

ఇంట్లో భారం సూసన్ తీసుకుంది. ఒకటో తరగతి టీచరు కదా, ఓర్పుకి లోటు లేదు, జాలికే లోటు. పొద్దున లేచాక ఇంగ్లీషులో పది వాక్యాలు సొంతంగా చెప్తేగాని టీ ఇచ్చేది కాదు. మొదటి వారం టీ లేకుండానే కాలేజీకొచ్చాడు. రెండో వారం నుంచి కాలనీలో కుక్కల గురించి, కరెంటు కోత గురించి ఇంగ్లీషులో ఫిర్యాదు చెయ్యడం వచ్చింది.

వినేటప్పుడు అడ్డం రాకుండా అక్షయ ఒక ఉపాయం చెప్పింది. నోట్లో నీళ్లు పోసుకుని వినమంది. ఏభై దాటిన మనిషి, రెండు బుగ్గలూ పొంగించుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎరువుల కొట్టు మేడ మీద కూర్చుంటే చూడాలి. వాక్యం ఆగినప్పుడల్లా చెయ్యి లేచేది, నోరు మాత్రం కదిలేది కాదు. నోరు మూతపడ్డాక చెవి తెరుచుకుంది. నాలుగు కాస్తా పదకొండయ్యాయి, పందొమ్మిదయ్యాయి, నెల తిరిగేసరికి ఇరవై ఏడయ్యాయి.

అక్షయకి ముచ్చటేసింది. "ఇవాళ మీ వీడియోనే సార్," అని చందర్లపాడు కూటాలది పాతది ఒకటి పెట్టింది. ఎవరో నెట్లో పెట్టారట. ఆ రెండువేల పన్నెండుదే. తెరమీద ముసలి దొర, కుడిపక్కన నల్లజుట్టుతో ఎడ్విన్. ఈయన బుగ్గల నిండా నీళ్లు పోసుకుని, గర్వంగా నా వంక ఒక చూపు చూసి వినడం మొదలుపెట్టాడు.

"నేను బోధకుణ్ణి కాను," అంటున్నాడు దొర ఇంగ్లీషులో. "బంగాళాదుంపలు పండిస్తాను. ఇక్కడ మాట్లాడవలసింది నా భార్య. అక్టోబరులో చనిపోయింది. ఆమె మాటిచ్చింది కదా అని నేనొచ్చాను. నాకేం చెప్పాలో తెలియదు."

దొర ఆగిన ప్రతిచోటా తెరమీది ఎడ్విన్ ఉరిమాడు. దుంపలు పండించడం విని విత్తనాల ఉపమానం ఎత్తుకున్నాడు. భార్య అనేసరికి సంఘమనే పెండ్లికుమార్తెని సిద్ధపడమన్నాడు. అక్టోబరు దగ్గర అంత్యదినాలు వచ్చేశాయని రెండు చేతులూ ఎత్తాడు. జనం వెక్కివెక్కి ఏడ్చారు. దొర ఆ జనాన్ని చూశాడు, చూసి ఎడ్విన్ చెయ్యి పట్టుకుని తనూ ఏడ్చాడు.

నీళ్లు గుటుక్కున మింగిన చప్పుడైంది. "మళ్లీ పెట్టమ్మా," అన్నాడు ఎడ్విన్. మూడుసార్లు పెట్టించుకున్నాడు. పద్దెనిమిదేళ్లుగా ఆ దిండు మీద నాకున్న కడుపుమంటకి ఆ రోజు నేను తనివితీరా నవ్వాల్సింది. నవ్వు రాలేదు. మెట్లు దిగుతూ అన్నాడు, "వాళ్లంతా తన భార్య కోసం ఏడుస్తున్నారనుకున్నాడండీ పాపం. నేను నా తెలుగుకి అనుకున్నా."

పరీక్షలో అరవై నాలుగొచ్చాయి. మాట్లాడడంలో మరిచిపోలేని మనిషి గురించి అడిగితే ఆ దుంపల దొర గురించి చెప్పాడట, రెండు నిమిషాలు చాల్లేదట. నందిగామ సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. అందులో పరీక్ష రాయని సతీష్‌బాబు నిలువెత్తున ఉన్నాడు, రాసిన ఎడ్విన్ బొటనవేలంత ఉన్నాడు. అయినా గండం గడిచింది, పేరు నిలబడింది అనుకున్నాం.

ఫిబ్రవరి వచ్చింది. కూటాలకి కొత్త దొర వచ్చాడు. ఎడ్విన్ కుడిపక్కన నిలబడ్డాడు.

దొర ఒక వాక్యం చెప్పాడు. "ఇక్కడ ఎండ బాగా ఉంది," అన్నాడు ఎడ్విన్. దొర ఇంకోటి చెప్పాడు. "ప్రయాణంలో కొంచెం అలిసిపోయాను," అన్నాడు ఎడ్విన్. జనం ఉరుము కోసం కాసుకుని కూర్చున్నారు. దొర తన పొరుగువాడితో కంచె తగాదా ఎలా తీర్చుకున్నాడో గంటసేపు చెప్పాడు. ఎడ్విన్ కంచె తగాదానే చెప్పాడు. ఒకచోట అర్థంకాక మైకులోనే, మళ్లీ చెప్పండి అని దొరని అడిగాడు. దాంతో అయిపోయింది. వెనక సగంమంది లేచి పునుగుల బండి దగ్గరికి నడిచారు.

"ఏమైందంటావు మాస్టారికి?" అన్నాడు కమిటీ పెద్ద శాంతయ్య నాతో. "పరీక్షలకి చదివి చదివి ఉన్న ఇంగ్లీషు పోయినట్టుంది. దొరని పట్టుకుని అడుగుతున్నాడు చూడు, ఎంత సిగ్గుచేటు."

లూర్దమ్మత్త చాప చుట్టుకుంటూ ఎడ్విన్ దగ్గరికే వచ్చి చెప్పింది, "ఇదివరకు ఒక్క ముక్క అర్థంకాకపోయినా ఏడుపొచ్చేది నాయనా. ఇప్పుడన్నీ అర్థమవుతున్నాయి, ఏడుపు రావట్లా." ఎడ్విన్ ఏ మాట పడకూడదని నోట్లో నీళ్లు పోసుకు కూర్చున్నాడో ఆ మాటే పడ్డాడు, అదీ పరీక్ష నెగ్గి మరీ. నాకు వాళ్లందరి మీదా ఒళ్లు మండింది.

మరుసటేడు విజయవాడ నుంచి స్టీవెన్ అనే అతన్ని పిలిపించారు. ఇంగ్లీషు ఎంతొచ్చో తెలియదు గాని స్టేజీ ఈ చివర్నుంచి ఆ చివరికి ఎగురుతాడని పేరు. ఎడ్విన్ రాడనుకున్నా. వచ్చాడు. లూర్దమ్మత్త చాప మీదే నా పక్కన కూర్చున్నాడు. దొర మెల్లగా ఏదో అన్నాడు. స్టీవెన్ అగ్ని దిగివస్తుందని గర్జించాడు, రెండువేల మంది ఆమేన్ అన్నారు. ఆ హోరులో ఎడ్విన్ ఒక్కడే పక్కున నవ్వాడు. దొర తన పెళ్లినాటి చెప్పుల గురించి చెప్పిన చిన్న హాస్యమట.

ముందు వరసలన్నీ తిరిగి చూశాయి. "అర్థంకాకపోతే ఊరుకోవాలి నాయనా, నవ్వకూడదు," అని లూర్దమ్మత్త మెల్లగా మందలించింది. "సరే అత్తా," అని ఎడ్విన్ సర్దుకుని కూర్చున్నాడు. స్టేజీ మీద దొర కూడా ఆ నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెతుక్కున్నాడు, కనిపెట్టాడు. ఆపైన కూటం అయ్యేదాకా ఎడ్విన్ వంకే చూస్తూ మాట్లాడాడు.