మేడమీద బాబు మూసిన గేటు

నా చిన్నప్పుడు బెంగాల్‌లో, ఖిదిర్‌పూర్ రేవు దగ్గర మేమున్న ఇంటికి, మెట్ల మొదట్లో ఒక ఇనుప గేటు ఉండేది. లాగితే మడతలు విచ్చుకుంటూ వచ్చి మూసుకునేది. కింద వాటాలో మేము, మేడమీద ఒక బెంగాలీ బాబు. నాన్నది రేవులో పని. బాబు పార్టీ మనిషి. కుళాయి దగ్గర తగువైనా, రేషను కార్డు పనైనా వీధి వాళ్లంతా ఆయన గుమ్మం ఎక్కవలసిందే. ఆయన మాట వస్తే మా అమ్మ గొంతు తగ్గించేది. అది చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఒక ఆదివారం మేము చర్చి నుంచి వచ్చేసరికి, నేను అన్నం పెట్టి పెంచుకుంటున్న చారల పిల్లికూన ఆ గేటు కింద పడుకుని ఉంది. లోపల నుంచి బాబు గేటు మూయబోతున్నాడు. "దాదా, పిల్లి!" అని అరిచాను. ఆయన దాన్ని చూశాడు. నన్నూ చూశాడు. చూసి మరీ లాగాడు. కూన వెనక కాలు మడతల మధ్య నలిగింది. నేను ఏడుస్తుంటే "బేడాల్ తో!" అని నవ్వి మెట్లెక్కాడు. పిల్లేగా, దానికింత గోలా అని.

గేటు తోసి ఆయన వెనక పరుగెత్తబోయాను. మా మేనత్త జడ పట్టుకుని ఆపింది. ఆవిడ నాన్నకు అక్క, మాతోనే ఉండేది. తగువు పెట్టుకుంటే నెగ్గేదాకా అన్నం ముట్టదని ఆవిడకు పేరు.

"ఎక్కడికే? ఆడేటి పారిపోతాడా? మేడమీదే ఉంటాడు. ముందు దీన్ని సూడు."

అత్త కూడా భయపడిందనుకున్నాను. కూన కన్నా ముందు ఆవిడ మీదే కోపం వచ్చింది.

ఆవిడ దండెం మీది దళసరి తువ్వాలు తెచ్చి కూన మీద కప్పింది. నొప్పిలో ఉన్న పిల్లి పెంచిన చేతినైనా కరుస్తుందని చెప్పి, తల, నలిగిన కాలు మాత్రం బయట ఉండేలా చుట్టింది. ఉతికిన గుడ్డ మడిచి నెత్తురు కారుతున్న చోట అదిమి, ఆ గుడ్డ నా చేత పట్టించింది. ఆగిందా లేదా అని మాటిమాటికీ ఎత్తి చూడొద్దంది. వంకర తిరిగిన కాలు సరిచేయబోతే నా చేతి మీద ఒకటి వేసింది. అమ్మ గిన్నెలో పాలు తెస్తే వద్దంది. నాన్న ఫినాయిలు సీసా పట్టుకొచ్చాడు.

"ఒరే, ఆ ఫినాయిలు నీ పుండు మీద పోసుకుంటావేట్రా? అది నాకేసుకుంటాది, సచ్చిపోద్ది!"

నాన్న సీసా వెనక్కి పట్టుకుపోయాడు. కూనను అట్టపెట్టెలో పాత చీర మీద పెట్టి, వెలుతురు తగలని మూల ఉంచాం. అది వణకడం మానే వరకు అత్త నన్ను నోరెత్తనివ్వలేదు. మర్నాడు పొద్దున్నే పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సులో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లింది. కాలు వంకరగానే అతికింది గానీ, కూన బతికింది.

ఆసుపత్రి నుంచి రాగానే పెట్టె దించి, కొంగు దోపి, "ఇప్పుడు రాయే" అంది. మేడమీద పంచాయితీకి వచ్చిన జనం ఉన్నారు. వాళ్లందరి ముందు, సగం తెలుగూ సగం బెంగాలీలో, చూసి మూశావా చూడక మూశావా చెప్పమని అడిగింది. ఆయన మళ్లీ "బేడాల్ తో" అన్నాడు. అత్త తిట్టలేదు. మర్నాటి నుంచి ఆయన గేటు మీద చెయ్యి వేసినప్పుడల్లా మా గుమ్మంలోంచి "ఆస్తే దాదా, ఆస్తే!" అని కేకేసేది. మెల్లగా, బాబూ, మెల్లగా అని. కొన్నాళ్లకు వీధిలో పిల్లలూ అందుకున్నారు. చివరికి, జనం గొంతు తగ్గించి పేరెత్తే ఆ పెద్దమనిషి, వంగి కిందంతా చూసుకుని గాని గేటు ముట్టుకునేవాడు కాదు.

అయినా తప్పయిందని అనలేదు. ఆయన పోయాడని తెలిసిన రోజున కూడా నాకు జాలి కలగలేదు. పిల్లలకు మన్నించడం నేర్పే వయసు వచ్చింది, ఆయన విషయంలో మాత్రం నాకు చేతకాదు.

మా తలుపు వెనక ఇప్పటికీ ఒక దళసరి తువ్వాలు వేలాడుతుంటుంది. వీధిలో ఏ పిల్లి అరిచినా ముందు ఆ తువ్వాలు అందుకుంటాను. నెత్తురు ఆగేదాకా నోరు విప్పను. ఆగాక మాత్రం, ఆ పని చేసినవాడి ఇల్లు ఎన్నో అంతస్తులో ఉన్నా మెట్లెక్కుతాను.