చ్యూ పిన్ని అరెస్టు చేసిన పియానో

షాంఘైలో ఆ సందులోకి ఎవరు అడుగుపెట్టినా చ్యూ పిన్నికి సంచి తెరిచి చూపించాల్సిందే. ఆవిడ వెతికేది దొంగసొత్తు కాదు, సామ్రాజ్యవాదం. అది అమెరికా నుంచో ఇంగ్లండు నుంచో బయల్దేరి, ఎవరి కూరగాయల కిందో నక్కి తన సందులోకి జొరబడుతుందని ఆవిడ నమ్మకం. సందు కమిటీ పెద్ద కాబట్టి కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ ఊళ్ళో పెద్ద ఉల్లిపాయ సీమ ఉల్లి. బంగాళాదుంప సీమ కంద. అగ్గిపెట్టె సీమ నిప్పు. పేరులోనే పరాయి 'సీమ' ఉంది కాబట్టి పిన్ని లెక్కలో ఇవన్నీ అనుమానితులే. ఒకసారి పియానో పంతులమ్మ షెన్ వాన్‌చింగ్ సంచిలో సీమ ఉల్లిపాయలు దొరికాయి.

"ఏం పంతులమ్మా, మన ఉల్లికాడలు నీకు చేదా?"

"ఇవి చౌకగా వచ్చాయి పిన్నీ."

"వాళ్ళు మొదట చౌకగానే వస్తారు. వెనకాలే యుద్ధనౌకలొస్తాయి."

ఒక ఉల్లిపాయను విచారణకని పట్టుకుపోయింది. సాయంత్రం ఆవిడ వంటింట్లోంచి విచారణ వాసన కమ్మగా వచ్చింది.

ఆ కోపం గాలికి పుట్టింది కాదు. చిన్నప్పుడే పిన్ని దొరల నూలుమిల్లులో కూలికి చేరింది. రోజూ గేటు దగ్గర ఆపి, ఒళ్ళంతా తడిమి, జడ విప్పి వెతికేవాళ్ళు. దేశం సొత్తంతా ఓడలకెత్తుకుపోయినవాళ్ళు ఒక పసిదాని జడలో దూదిపింజ కోసం వెతికారు! దొరలు పోయారు, అనుమానం మిగిలింది. సముద్రానికి అవతల అమెరికావాళ్ళకు ఎర్ర జెండా కనబడితే ఉలికిపాటు, ఇవతల సీమ ఉల్లి కనబడితే ఉలికిపాటు. నలిగేది మాత్రం ఎక్కడైనా సంచి మోసేవాళ్ళే.

సాంస్కృతిక విప్లవం మొదలైన వేసవి అది. చేతికి ఎర్రపట్టీలు కట్టుకున్న విద్యార్థులు ఇళ్ళలోకి చొరబడి, విదేశీ వాసన తగిలినవన్నీ పగలగొడుతున్నారు. పక్క సందులో ఒక వయొలిన్ పొయ్యిలో కట్టె అయింది. షెన్‌కు మిగిలిందల్లా చనిపోయిన భర్త కొనిచ్చిన జర్మనీ పియానో. దాన్ని ఎక్కడ దాచాలో తెలియక ఆవిడ అన్నం మానేసింది.

ఒక ఉదయం పిన్ని జిగురు గిన్నెతో తలుపు నెట్టుకు వచ్చింది. పియానో మూత మీద అడ్డంగా ఒక కాగితం అతికించింది: "శత్రువు ఆయుధం. సందు కమిటీ ఖైదులో ఉన్నది. తాకరాదు."

మొదటి దెబ్బ సొంత సందులోంచే పడిందని షెన్ రగిలిపోయింది. "గేటు దగ్గర మీ జడ విప్పినవాళ్ళకీ మీకూ తేడా ఏముంది పిన్నీ?"

పిన్ని కాగితం అంచులు ఇంకోసారి నొక్కి, గుమ్మంలో ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

మధ్యాహ్నం సుత్తులతో విద్యార్థులు దిగారు. ముందున్న అమ్మాయి పిన్నిని తప్పుకోమంది. దొరల వాయిద్యాన్ని ముక్కలు చేయాలంది.

"నా ఖైదీ మీద చెయ్యెయ్యడానికి నువ్వెవరు?" పిన్ని లేచింది. "యుద్ధంలో మనవాళ్ళు శత్రువు ఫిరంగి పట్టుకుంటే పగలగొట్టారా, వాడి మీదికే తిప్పారా? చెప్పు."

పిల్లలు సుత్తులు దించి, చదివిన పాఠాలు నెమరేసుకున్నారు. అదే అదనుగా పిన్ని అందరి సంచులూ తెరవమంది. తర్వాత అమ్మాయి చేతివైపు చూసింది.

"ఆ గడియారం ఏ దేశానిదమ్మా?"

అది స్విట్జర్లాండుది, వాళ్ళ నాన్నది. అంత ఉక్కపోతలోనూ అమ్మాయి చొక్కా చేతులు మణికట్టు దాకా లాక్కుంది. ఇంకో వీధిలో అర్జెంటు విప్లవం ఉందని అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది.

పిన్ని షెన్‌ను అదే చిరాకుతో కసిరింది. "గుడ్లప్పగించి చూస్తావేం? ఖైదీని రోజూ విచారించాలి, లేకపోతే గొంతు పూడిపోతుంది. కిటికీలు మూసి, మెల్లిగా."

ఆనాటి నుంచి ప్రతి మధ్యాహ్నం చ్యూ పిన్ని షెన్ గుమ్మం ముందు బట్టలు బాదుతూ అమెరికాను గొంతు చించుకుని తిట్టేది. ఆ వేళకు ఆవిడకు పూనకం వస్తుందని సందులోవాళ్ళు సర్దుకుపోయారు. సంగతి లోపలున్న షెన్‌కు ఒక్కదానికే తెలుసు. పియానో పాట హోరెత్తే చోట తిట్లూ హోరెత్తేవి. పాట నెమ్మదించిన చోట, పాపం, అమెరికాకు కూడా కాస్త మెత్తటి తిట్లే పడేవి.